రహీంగారి దాడి కూర్పు: ఒక విమర్శ

క్రీడలను గూర్చి తెలుగున వెలువడు వ్రాతలలో రెండు విధములే విరివిగా కన్పట్టును. ఒకటి ఫలితమును తెలుపు వార్త. రెండవది గెలిచినవానిని కొనియాడు ప్రశంస. ఆట ఎట్లు కూర్పబడినది, ఆ కూర్పు ఎక్కడ పనిచేసినది, ఎక్కడ చెడినది అని విచారించు మూడవ విధము మిక్కిలి అరుదు. పద్యమును చదివి 'బాగున్నది' అని ఊరకుండు విద్యార్థికి మనము మార్కులు వేయము. ఏల బాగున్నదో చెప్పుమందుము. ఆటకు మాత్రము ఆ నియమమేల వర్తింపదో నాకు బోధపడదు.

2024వ సంవత్సరమున 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వెలువడిన పిమ్మట హైదరాబాదు ఫుట్‌బాలు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీంగారి పేరు (1909-1963) మరల జనుల నోట వినవచ్చుచున్నది. అది సంతోషింపదగిన విషయమే. కాని మన సభలలో ఆయనను గూర్చి పలుకబడు మాటలు రెండు వాక్యములలో ముగియుచున్నవి. 'బ్రెజిలు దేశము కంటె ముందే 4-2-4 వ్యూహమును ఆడించినవాడు' అనునది మొదటిది. 'మన తెలుగునేల బిడ్డ' అనునది రెండవది. ఈ రెండింటిని పరీక్షింపక తప్పదు. మొదటిది ఆటకు సంబంధించినది గనుక దానిని విస్తరించి, రెండవదానిని తుదిని స్పృశించెదను.

ముందుగా కొలబద్దను నిర్ణయించుకొనవలెను. అమెరికా దేశపు కళాశాలలలో ఫుట్‌బాలు అను పేరుతోనే ఆడబడు ఆట మరియొకటి కలదు. బంతిని చేత పట్టి ఆడెదరు. పది గజములు ముందునకు సాగుటకు నాలుగు ప్రయత్నములు ఇయ్యబడును. ప్రతి ప్రయత్నమునకు పిదప ఆట నిలుచును. ఆ విరామమున, ఇప్పుడు ఏ ఎత్తు వేయవలెనో గీత వెలుపలనున్న శిక్షకుడు నిర్ణయించి లోనికి తెలుపును. అందుచేత అక్కడి విమర్శకులు దాడిని రెండుగా విభజించి తూచుదురు: ఎత్తుల కూర్పు ఒకటి, సమయమునకు తగిన ఎత్తును పిలుచుట మరొకటి. మంచి ఎత్తులు కూర్చియు తప్పు సమయమున పిలిచిన శిక్షకులున్నారు. కొలది ఎత్తులే కలిగియు వాటిని సమయమెరిగి వాడినవారును ఉన్నారు.

మన ఫుట్‌బాలున ఈ విభజన ఎట్లు పొసగును? ఈల మ్రోగిన తరువాత విరామము వరకు ఆట నిలువదు. రహీంగారి కాలమున ఆటగానిని మార్చు అవకాశము సైతము లేకుండెను. ప్రపంచ కప్పు పోటీలలోనే అది 1970లో గాని రాలేదు. బరిలో దిగిన పదునొకండుగురే చివరి వరకు ఆడవలెను. కాలు విరిగినవాడు కూడ ఒక మూల కుంటుచు నిలువవలసినదే. ఇట్టి ఆటలో శిక్షకుని 'పిలుపు' అంతయు ముందే జరిగిపోవలెను. వారముల తరబడి అభ్యాసమున కాలికి అలవాటైనదే ఆటనాడు పలుకును. కనుక రహీంగారి దాడి కూర్పును బరిమీద గీసిన బొమ్మలో గాక, ఆయన ఇచ్చిన అభ్యాసములో వెదుకవలెను. 4-2-4 అను అంకెలను పట్టుకొని మురిసిపోవువారు ఈ సంగతిని గమనింపరు.

అయినను ఆ అంకెల కథ తెలియక ముందునకు పోజాలము. తొలినాళ్ల ఫుట్‌బాలు కూర్పు 2-3-5: వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు అయిదుగురు. 1925 వరకు ఆఫ్‌సైడు నియమము కఠినము. బంతి అందుకొనువానికిని గోలు గీతకును నడుమ ప్రత్యర్థులు ముగ్గురుండవలెను. ఆ ఏట దానిని ఇద్దరికి తగ్గించిరి. దాడి సులువాయెను. దానికి విరుగుడుగా ఇంగ్లండున ఆర్సెనల్ జట్టు శిక్షకుడు హెర్బర్ట్ చాప్మన్ సెంటర్ హాఫును వెనుకకు లాగి మూడవ రక్షకునిగా నిలిపెను. ఇదియే డబ్ల్యు-ఎం కూర్పు. ఆ మూడవ రక్షకుని పని ఒక్కటే: ఎదుటి సెంటర్ ఫార్వర్డును వెన్నంటి ఉండుట. తరువాత హంగరీవారు ఈ కాపలానే బోల్తా కొట్టించిరి. తమ సెంటర్ ఫార్వర్డును నడిమి బరికి దింపిరి. కాపలాదారుడు వానిని వెంబడించినచో వెనుక ఖాళీ ఏర్పడును. వెంబడింపనిచో దిగిన ఆటగాడు స్వేచ్ఛగా బంతి పంచును. 1953 నవంబరు 25న లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3 గోలులతో హంగరీ ఓడించినప్పుడు, అట్లు వెనుకకు దిగి ఆడిన హిదెగ్కుటి తానే మూడు గోలులు చేసెను.

రహీంగారు 1950 మొదలు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకులై, పాత 2-3-5ను విడిచి, ముందు వరుసనుండి ఒకరిని వెనుకకు దించు పద్ధతికి జట్టును మళ్లించిరనియు, 1956 నాటికి అది 4-2-4కు చేరువైనదనియు ఫుట్‌బాలు చరిత్రకారులు చెప్పుదురు. బ్రెజిలు ఆ కూర్పుతో ప్రపంచ కప్పు గెలిచినది 1958లో. తేదీలు మాత్రము చూచినచో మనవారే ముందు. కాని కనిపెట్టిన కీర్తిని దీనినిబట్టి కట్టబెట్టుట తగదు. హంగరీవారి కూర్పు 1953 నాటికే ఆ రూపునకు వచ్చినది. ఒకే వాన రెండూళ్లలో కురిసినంతమాత్రమున ఒక ఊరివారు మేఘమును కనిపెట్టినట్లు కాదు గదా! రహీంగారి గొప్పతనము కనిపెట్టుటలో లేదు. పరుల కూర్పును మన ఆటగాండ్ర ఒడలికి సరిపడ కుట్టుటలో ఉన్నది. ఈ మాట ఆయనను తగ్గించుట కాదు. నా దృష్టిలో రెండవదే కష్టతరమైనది.

అది ఎట్లనగా: రహీంగారు వృత్తిచేత బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆ విద్యాలయము పక్షమున ఆడి, హైదరాబాదు పాఠశాలలలో బోధించి, పిదప శిక్షకత్వమునకు వచ్చినవారు. ఆయన పద్ధతిలో పంతులు తనమే నాకు ప్రధానముగ కన్పట్టును. బంతిని కాలితో నడిపించుకొని పోరాదను నిబంధనతో ఆయన పోటీలు నడిపించిరి. డ్రిబ్లింగు నిషేధము! వచ్చిన బంతిని వచ్చినట్లే మరియొకనికి అందింపవలెను. బలహీనమైన కాలికి పని కల్పించు అభ్యాసములు మరికొన్ని.

భాష బోధించువారికి ఈ కిటుకు తెలియనిది కాదు. మా సరిహద్దు బడులలో పిల్లవానికి ఇంట తెలుగు, వీధిలో కన్నడము. తెలుగు వాక్యము నడుమ మాట తోచనప్పుడు కన్నడపు మాట చేతికర్రవలె వచ్చి నిలుచును. ఆ కర్ర తప్పని కాదు. కాని దినమున ఒక గంట దానిని పక్కన పెట్టించినచో పిల్లవాడు మరచిన తెలుగు మాటను తడుముకొని తెచ్చుకొనును. రహీంగారి నిషేధమును ఇట్టిదే. మన ఆటగాండ్రకు డ్రిబ్లింగు పుట్టుకతో అబ్బిన విద్య. కలకత్తా మైదానములలో చప్పట్లన్నియు దానికే. దానిని కొంతసేపు లాగివేసినచో ఆటగాడు తలయెత్తి తోడివాడు ఎక్కడ ఉన్నాడో చూడక తప్పదు. బంతి తనయొద్దకు రాకముందే తరువాతి పాస్ ఎవరికో తలపోయవలసివచ్చును. సెంటర్ ఫార్వర్డును వెనుకకు దింపు కూర్పు బ్రతుకవలెనన్న ఈ అలవాటే ప్రాణము. వెనుకకు దిగినవాడు బంతి పట్టుకొని తారట్లాడెనా, ప్రత్యర్థి రక్షణ సర్దుకొనును, ఖాళీ పూడిపోవును. ఈ విధముగ అభ్యాసమునకును కూర్పునకును కార్యకారణ సంబంధము కుదిరినది.

ఫలితములు దేశీయముగా ప్రసిద్ధములు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. 1950లో డ్యూరాండ్ కప్పు ఆఖరి పోటీలో మోహన్ బగాన్‌ను ఓడించెను. కలకత్తాయే ఫుట్‌బాలునకు రాజధాని అను నమ్మకము ఆ దశకమున కదలినది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లాయక్, తరువాత యూసుఫ్ ఖాన్ వంటివారు ఆ బడి విద్యార్థులే.

అయితే దేశీయ విజయములు కూర్పునకు పూర్తి పరీక్ష కాజాలవు. అందుకు ఒక కారణమును మనవారు తరచు విస్మరింతురు. ఆనాడు మన దేశపు పోటీలు డెబ్బది నిమిషముల ఆటలు. అంతర్జాతీయ పోటీ తొంబది నిమిషములది. ఇరువది నిమిషముల వ్యత్యాసము చిన్నది కాదు. ఎడతెగక స్థానములు మార్చుకొను దాడి ఊపిరిని తినివేయును. డెబ్బదవ నిమిషమున ముగియు ఆటకు అలవడిన గుండె ఆపైన ఏమి చేయగలదు?

1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడెను. మన ఏకైక గోలు అహ్మద్ ఖానుది. మనవారిలో పెక్కురు బూట్లు లేక ఆడిరి. ఆ పరాభవము పిదప బూట్లు తప్పనిసరి చేయబడినవి. ఓటమికి కారణమంతయు వట్టి కాళ్ల మీద త్రోయుట మన వాడుక. అది సగము నిజము మాత్రమే. పది గోలులు కాలి తొడుగు లేనందున పడవు. రక్షణయందు మనుష్యులు చాలనందున, పాత కూర్పులో వెనుక మిగిలినవారు ఇద్దరే యగుటచేత పడినవి. ఆ జట్టునకు శిక్షకులు రహీంగారే. కనుక ఆ ఓటమిలో ఆయన పాలును ఉన్నది. చలనచిత్రములు దీనిని శత్రువుల కుట్రగా చూపినను, విమర్శకుడు అట్లు చేయరాదు. ఆయన స్వయముగ ఆ ఓటమి పిమ్మటనే కూర్పు మార్పునకు గట్టిగ పూనుకొనిరి. అదే క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది హంగరీ అనుట ఇచట స్మరణీయము.

ఇక మెల్బోర్న్. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది. అదే నెల 22న ఒలింపిక్ క్రీడలు ఆరంభమైనవి. హైదరాబాదు ఆటగాండ్రు కొత్త రాష్ట్రపు పౌరులై మూడు వారములు కాకముందే సముద్రము దాటిరి. అక్కడ భారతదేశమునకు నాల్గవ స్థానము దక్కెను. ఇది ఆసియాకు అపూర్వమైన గౌరవము. కాని లెక్క విప్పి చూతము. తొలి పోటీలో హంగరీ రానందున మనకు ఆడకయే విజయము. డిసెంబరు 1న ఆస్ట్రేలియాపై 4-2 గెలుపు. అందు నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసి ఒలింపిక్ ఫుట్‌బాలున ఆ ఘనత పొందిన తొలి ఆసియావాసి ఆయెను. నాల్గవ గోలు కిట్టు అను కృష్ణస్వామిది. సెమీ ఫైనలున యుగోస్లావియాకు 4-1తో ఓటమి. కాంస్య పతకపు పోటీలో బల్గేరియాకు 3-0తో ఓటమి. అనగా ఆడిన మూడింట గెలిచినది ఒక్కటి. చేసిన గోలులు 5, ఇచ్చినవి 9. ఆ అయిదింట నాలుగు ఒక్క డిసౌజావి.

ఈ అంకెలు రెండు సంగతులు చెప్పుచున్నవి. మొదటిది: కూర్పు అవకాశములను కల్పించినది నిజమే గాని, వాటిని గోలులుగ మార్చువాడు ఒక్కడే. ముందు నలుగురు నిలుచు కూర్పులో అయిదింట నాలుగు ఒక్కని పాదమునుండియే వచ్చినవన్న దాడి వెడల్పుగా విస్తరించి, కొనకు వచ్చుసరికి సన్నగిల్లినదన్న మాట. సమర్ బెనర్జీ నాయకత్వమున పి. కె. బెనర్జీ వంటివారు ఆడియు అట్లాయెను. రెండవది యుగోస్లావియా పోటీలో తేటపడును. విరామానంతరము తొలి గోలు మనదే, డిసౌజా చేసెను. హెల్సింకిలో పది గోలులు చేసిన దేశముపై నాలుగేండ్లలో ఆధిక్యము! దానిని తక్కువగా ఎంచువాడు అవివేకి. కాని ఆధిక్యము వచ్చిన కొలది నిమిషములకే స్కోరు సమమాయెను. పిదప మరి మూడు. ఆధిక్యమును నిలుపుకొను ఎత్తు మనయొద్ద లేకుండెను. అందరును ముందునకే ఆడుట నేర్చిరి. బంతిని దాచి, ఆటను నెమ్మదింపజేసి, ప్రత్యర్థికి విసుగు పుట్టించుట ఎవరును నేర్చియుండలేదు. డ్రిబ్లింగును నిషేధించిన బడిలో ఈ విద్యకు పాఠము తక్కువయ్యెనేమో అని నా అనుమానము. ఒక్కొక్క నివారణ మందునకు ఇట్టి దోషము ఉండును.

నాలుగేండ్ల పిదప రోమున జట్టు ఒక్క విజయమును పొందలేదు. పట్టికను చదువువారు అది మెల్బోర్న్ కంటె హీనమందురు. ఆటను చదువువారు అట్లనరు. హంగరీతో 2-1 ఓటమి. ఫ్రాన్సుతో 1-1 సమము, అందును మొదటి గోలు పి. కె. బెనర్జీది, ఆట ముగియవచ్చుచుండగా వారు సరిచేసిరి. పెరూతో 3-1 ఓటమి. హంగరీ ఆ ఏట కాంస్యము పొందిన జట్టు. అట్టి వర్గమున మూడు పోటీలందును మనవారు గోలు చేసిరి. మూడింట రెండు సికింద్రాబాదు ఆటగాడు తులసీదాస్ బలరాంవి (1936-2023). ఎడమ అంచున నిలిచియు, లోపలికి దిగియు, వెనుకకు వచ్చి బంతి పంచియు ఆడగలిగిన బలరాం రహీంగారి కూర్పునకు నిజమైన ఉదాహరణమని నా అభిప్రాయము. స్థానము పేరు ఆయనకు అంటలేదు. ఆయనలో డ్రిబ్లింగును పాస్‌ను కలహింపక కలిసి ఉండెను. పి. కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురు ఒకే వరుసలో ఆడిన రోము జట్టును నేను మెల్బోర్న్ జట్టున కంటె పైన ఉంచెదను. చదువరులు ఒప్పుకొనకపోవచ్చును.

పైన కూర్పు, పిలుపు అని రెండుగా విభజించితిని. ఇంతవరకు కూర్పునే తూచితిమి. పిలుపునకు ఉదాహరణము 1962 జకార్తా ఆసియా క్రీడలలో దొరకును. తొలి పోటీలో దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించెను. థాయిలాండుపై గెలిచిన పోటీలో మధ్య రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. రక్షకుడు గాయపడినచో కూర్చుండబెట్టుదురు. రహీంగారు అతనిని సెంటర్ ఫార్వర్డుగా ముందు నిలిపిరి. సెమీ ఫైనలున దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపు. సెప్టెంబరు 4న ఆఖరి పోటీలో, క్రీడల రాజకీయ వివాదము వలన భారతముపై ఆగ్రహించిన సుమారు లక్షమంది ప్రేక్షకుల నడుమ, దక్షిణ కొరియాపైనే 2-1 గెలుపు. మొదటి గోలు పి. కె. బెనర్జీది; రెండవది జర్నైల్ సింగుది.

దీనిని పిచ్చి సాహసము అనువారున్నారు, దైవఘటన అనువారున్నారు. రెండును కాదు. తొలి పోటీలో మన దాడి కొరియా రక్షణను కదలింపలేకపోయెను. అట్టి రక్షణ ఎదుట దేహబలము కలవాడొకడు నిలిచి, ఇద్దరిని తనమీదకు లాగుకొనినచో పక్కన బెనర్జీకి, గోస్వామికి చోటు దొరకును. అంతేకాదు. వెనుక స్థానమున జర్నైల్ సింగుకు బదులు నిలువగలిగిన అరుణ్ ఘోష్ ఉండెను గనుక ఈ మార్పు సాధ్యమాయెను. ముందొక చోటు నింపి వెనుకనొక కన్నము చేయు మార్పు అది కాదు. ఇది ఉత్తమమైన పిలుపు. కాని కూర్పు విజయమని దీనిని చెప్పరాదు. కూర్పు విఫలమైన చోట పిలుపు రక్షించినది. పన్నెండేండ్ల శ్రమపై కట్టిన దాడి వ్యూహము ఆఖరి ఘట్టమున ఒక రక్షకుని అరువు తెచ్చుకొనవలసివచ్చెను. ఈ రెండింటి భేదము తెలియని ప్రశంసచేతనే తరువాతి తరము జకార్తా నుండి 'సాహసింపుము' అను పాఠమును నేర్చినది. 'పాస్ ఎట్లు చేయవలెను' అను హైదరాబాదు పాఠమును వదలినది. రహీంగారు 1963 జూన్‌లో మరణించిరి. 1960 తరువాత భారత పురుషుల జట్టు ఒలింపిక్ ఫుట్‌బాలున ఆడలేదు. 1962 తరువాత ఆసియా క్రీడల స్వర్ణము తేలేదు.

ఇక 'మన తెలుగునేల బిడ్డ' అను మాట. రహీంగారి బోధన ఉర్దూ వాతావరణమున సాగినది. ఆయన జట్లలో ఉర్దూ, తెలుగు, తమిళము మాటలాడు ఇండ్లనుండి వచ్చిన ఆటగాండ్రుండిరి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకు, బళ్లారి మైసూరునకు పంచబడిన నాటినుండి, ఒక మనిషి ఏ భాషకు చెందినవాడు అను ప్రశ్నను వినివిని మా జిల్లావారికి చెవులు పోటెత్తినవి. అల్పసంఖ్యాక భాషాపాఠశాలలో పనిచేయు నాకు, ఉర్దూ పంతులుగారి కీర్తిని తెలుగు ఖాతాలో వ్రాసికొనవలెనను ఆరాటము రుచింపదు. ఆయన హైదరాబాదువారు, అంతియే చాలును. మనకు చెందవలసినది ఆయన పేరు కాదు, ఆయన పాఠము. అది ఏ భాషవాడైనను నేర్చుకొనవచ్చును.

నేర్చుకొనుటకు ఖర్చు కూడ లేదు. మా జిల్లాలోనే తోరణగల్లు ఎడ ఉక్కు కర్మాగారపు ఊరిలో 2018లో వెలసిన క్రీడాశిక్షణ సంస్థ కలదు; అక్కడి వసతులు పల్లె బడులకు ఎండమావులు. కాని డ్రిబ్లింగు నిషేధించిన పోటీకి వసతులక్కరలేదు. ఒక బంతి, నలుబది నిమిషముల ఒక పీరియడు, అటు ఏడుగురు ఇటు ఏడుగురు పిల్లలు చాలుదురు. బంతిని రెండుసార్ల కంటె ఎక్కువ తాకినవాని జట్టు బంతిని ఎదుటివారికి ఈయవలెను. తొలి వారము పిల్లలు మొరపెట్టుదురు, ముఖ్యముగ బాగుగ ఆడువారు. మూడవ వారమునకు, బంతి తమయొద్దకు రాకముందే వారు తలయెత్తి చూచుచుందురు. అప్పుడు గీత వెలుపలనుండి అరచు పని ఉపాధ్యాయునికి తగ్గును.